వావిలి పొద నరికించిన నర్సమ్మ

మొన్నీమధ్య కొత్తగా ఏఎన్ఎం పోస్టింగు వచ్చిన అమ్మాయి ఒకతె మా ఇంటికొచ్చింది. "మేడం, ఊళ్ళో దిగగానే ముందు ఏం చెయ్యాలి?" అని అడిగింది. రిజిస్టర్ల గురించి చెబుతాననుకుందేమో, పుస్తకం తీసి పెన్ను మూత కూడా తీసింది.

"ఆ ఊళ్ళో వావిలి చెట్లు ఎక్కడున్నాయో కనుక్కో. ఆకు కోసుకోవడానికి ఎవరెవరు వస్తారో చూడు" అన్నాను.

వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వింది. నేను నిజంగానే చెప్పాను. సూది ఎలా వెయ్యాలో, బీపీ ఎలా చూడాలో ట్రైనింగులో నేర్పుతారు. నెలాఖరు రిపోర్టులు ఎలా రాయాలో సీనియర్లు నేర్పుతారు. నేను చేసిన తెలివితక్కువ పని గురించి మాత్రం నేనే చెప్పాలి. ఆ పిల్లకు చెప్పింది చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను. కాస్త అటూ ఇటూ పోతాను, ఓపిక పట్టండి.

ఒక్క రోజులో నేలమట్టం

తొంభైల చివర్లో నన్ను ప్రత్తిపాడు దాటాక వాగు ఒడ్డున ఉన్న ఒక ఊరికి వేశారు. చుట్టూ నల్లరేగడి. కనుచూపు మేర పత్తి, మిరప. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. రెండు ఊళ్ళు చూసి వచ్చినదాన్ని. అందుకని నాకు తెలియనిదేమీ లేదని నా నమ్మకం.

సబ్‌సెంటరంటే ఒక గది, ముందు వరండా. గది వెనక నుంచి వాగు దాకా గుబురుగా వావిలి పొద. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: చేతివేళ్ళు చాచినట్టు ఒక్కో కాడకి మూడో అయిదో ఆకులుంటాయి. పైన ఆకుపచ్చ, అడుగున బూడిద రంగు. చిన్న చిన్న ఊదా పూలు. ఆకు నలిపితే ఘాటైన వాసన ముక్కులోకి దూరిపోతుంది. గొడ్లు కూడా మూతి పెట్టవు. నా కంటికి అది ఒట్టి పిచ్చి చెట్టు.

దసరా ముందు వానలు. ఊళ్ళో మలేరియా జ్వరాలు. సాయంత్రమైతే సబ్‌సెంటర్‌లో దోమలు ముసిరేవి. తప్పంతా ఆ పొదదేనని తేల్చేశాను. సర్పంచిగారికి చెబితే ఇద్దరు కూలీలను పంపాడు. నేను గొడుగు వేసుకుని పక్కన నిలబడి మరీ నరికించాను. వాళ్ళలో పెద్దాయన కత్తి ఎత్తబోయి ఆగాడు.

"నర్సమ్మా, ఆడోళ్ళని అడిగారా?"

"దీనికి ఆడవాళ్ళను అడిగేదేంటి? నరుకు."

సాయంత్రానికి వాగు దాకా బోసిపోయింది. నాకు పెద్ద ఘనకార్యం చేసినట్టు అనిపించింది. దోమలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. తర్వాత మా డాక్టరుగారు వచ్చి చూసి, వరండా పక్కన నేను మూత పెట్టకుండా వదిలేసిన సిమెంటు తొట్టిలోకి వేలు చూపించారు. అందులో దోమపిల్లలు గంతులేస్తున్నాయి. "దోమలు నీళ్ళల్లో పుడతాయమ్మా, ఆకుల్లో కాదు. ఇది ట్రైనింగులో చెప్పలేదా?" అన్నారు. చెప్పారు. నాకే గుర్తు రాలేదు.

ఆ వారం బుధవారం టీకాలకు ఎప్పుడూ వచ్చే ఇరవై మంది తల్లుల్లో ఇద్దరు వచ్చారు. మరుసటి బుధవారం ఒక్కతె. టీకాల పెట్టెలో ఐసు కరిగి నీళ్ళయ్యేదాకా వరండాలో కూర్చున్నాను. ఇల్లిల్లూ తిరిగితే, పిల్లాడు నిద్రపోతున్నాడని ఒకరు, మా అత్త లేదని ఒకరు. కోటమ్మ ఒక్కతే అసలు మాట చెప్పింది. ఆమెది మిరప చేలున్న కుటుంబం. గొంతు మూడు వీధులకు వినపడుతుంది.

"మా కూతురు నాగమణి నీళ్ళాడి ఎనిమిది రోజులైంది. బాలింతకి వావిలాకు నీళ్ళు పొయ్యాలంటే ఇప్పుడు మా మొగోడు పక్కూరు పోయి ఆకు తేవాల. ఆ పొద నీ సొత్తా? మా మనవడికి నీ సూదీ వద్దు, నువ్వూ వద్దు. పో తల్లీ!"

గుమ్మంలోనే తలుపు వేసేసింది. లోపల పసివాడు కెవ్వుమన్నాడు. ఏఎన్ఎంగా నాకు జరిగిన అవమానాల్లో అదే పెద్దది, అందులో కోటమ్మ తప్పు కూడా లేదు.

మస్తాన్‌బీ

నాలుగు రోజుల తర్వాత మస్తాన్‌బీ వచ్చింది. ఆ ఊరి మంత్రసాని. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసింది ఆమే. అరవై ఏళ్ళుంటాయి, సన్నగా చువ్వలా ఉండేది. వాళ్ళది దూదేకుల కుటుంబం. ఆమె భర్త మీరాసాయిబు ఇంటింటికీ తిరిగి దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. ఆమె నాతో పోట్లాడటానికే వచ్చిందనుకుని మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె వరండాలో చతికిలబడి, బోసిపోయిన వెనకవైపు ఒకసారి చూసి, "అమ్మాయ్, ఆ చెట్టు నీకేం చేసింది?" అంది.

"దోమలు పిన్నీ."

"దోమలు పోవాలని మేం దాని పొగే గదే వేసేది!"

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నా ఆగలేదు. ఆమె కూడా నవ్వేసింది. కొరకరాని కొయ్యలా కూర్చున్నదాన్ని ఆ నవ్వుతో కరిగిపోయాను.

"నడుం పట్టుకుని లేస్తున్నావేం?" అంది.

సైకిలు తొక్కీ, టీకాల పెట్టె మోసీ నెల నుంచి నడుం పట్టేసింది. మాత్రలు మింగుతున్నాను. మింగినంతసేపే గుణం. ఆమె నా చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి తీసుకుపోయింది. పెరట్లో పొయ్యి మీద పెద్ద కాగు. ఎక్కడి నుంచి తెచ్చిందో రెండు మోపుల వావిలాకు అందులో కుక్కింది. నీళ్ళు తేనె రంగుకు తిరిగేదాకా మరగనిచ్చి, చల్లనీళ్ళు కలిపి చేత్తో చూసి, నన్ను తడికల చాటున పీట మీద కూర్చోబెట్టింది. నడుం మీద ధారగా పోస్తూ, వేడి ఆకు గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టింది. మధ్యమధ్యలో "కదలకు! బాలింతలే నీకంటే నయం!" అని వీపు మీద ఒకటి చరిచేది.

ఆ రోజు నేను పడ్డ సుఖం ఎలా చెప్పాలో తెలియదు. ఇంటికొచ్చి మధ్యాహ్నం పడుకున్నదాన్ని పొద్దుగూకాక లేచాను. మా ఆయన ప్రత్తిపాడు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనొచ్చి అన్నం వండేసి, నేను లేస్తానేమోనని చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు. అలా మూడుసార్లు పోయించుకున్నాక, సైకిలెక్కినప్పుడు నడుం నాదేనా అనిపించింది.

ఆ తర్వాత ఖాళీ దొరికితే మస్తాన్‌బీ వెనకే తిరిగాను. అప్పుడు తెలిసింది ఆ పొద లేకపోతే ఆడవాళ్ళకు ఏమేం లేకుండా పోయిందో. పత్తి తీసి వచ్చిన కూలీ ఆడవాళ్ళు ఒళ్ళు నొప్పులకు ఆ నీళ్ళే పోసుకునేవాళ్ళు. పడిశం పట్టినవాళ్ళు ఆకు మరిగించి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టేవాళ్ళు. కాలు మడత పడితే వేడి చేసిన ఆకు కట్టు. ఎండిన ఆకును మినుముల్లో, కందుల్లో పొరలు పొరలుగా వేస్తే పురుగు చేరదు. సన్నటి రెమ్మలతో గంపలు అల్లుతారు. మిరపకాయలు మోసే గంపల్లో చాలావరకు అవే. గొడ్లపాకలో సాయంత్రం పూట పచ్చి ఆకు పొగ. మీరాసాయిబు ఎండుటాకు దూదిలో కలిపి కుట్టే దిండు మీద పడుకుంటే తలనొప్పి తగ్గుతుందని పెదకాకాని తిరునాళ్ళకు వచ్చినవాళ్ళు కూడా అడిగి కుట్టించుకునేవాళ్ళు.

ఒకసారి ఒకాయన, ఆకు రసం తాగితే కీళ్ళవాతం పోతుందట, కాసిని తీసిమ్మని ఆమెను అడిగాడు. "పైన పోస్తా, పైన కడతా. కడుపులోకి మాత్రం నేనియ్యను. లోపల ఏం చేస్తదో నాకేం తెలుసు?" అని పంపేసింది. ఎంబీబీఎస్‌లు చదివి కూడా తెలియదనే మాట నోట రానివాళ్ళను చూశాను. ఆమె మీద నాకు గౌరవం కలిగింది ఆ మాటతోనే.

"పిన్నీ, ఇప్పుడు నేనేం చెయ్యను?" అన్నాను.

"చేసిన తప్పు ఒప్పుకో. మా ఊరోళ్ళు అరుస్తారు గానీ కరవరు."

ఆదివారం సైకిలు మీద పక్కూరు వెళ్ళి, వాగు వెంట ఆకు కోసి, రెండు మోపులు క్యారేజీకి కట్టుకుని తిన్నగా కోటమ్మ గుమ్మంలో దించాను. "నాగమణి నీళ్ళకి. నాది తప్పే కోటమ్మత్తా, తెలియక చేశాను" అన్నాను. ఆమె మోపుని చూసింది, చెమట కారుతున్న నా మొహాన్ని చూసింది. మోపు లోపలికి తీసుకుంది. నాకు మంచినీళ్ళ చెంబు ఇచ్చింది. తాగాక చెంబు తీసుకుని లోపలికి పోయింది. అలా నాలుగిళ్ళకు వేశాను. తర్వాతి బుధవారం ఏడుగురు తల్లులు వచ్చారు. కోటమ్మ రాలేదు.

డాక్టరుగారి కందిపప్పు

ఇక్కడొక పక్కదారి. మా పీహెచ్‌సీ డాక్టరు ప్రభాకర్‌గారు మంచివారు, కాస్త కోపిష్టి. నాటువైద్యం అంటే మండిపడేవారు. ఒకరోజు మీటింగు అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, మెడ పట్టుకుని, గొంతు తగ్గించి, "ఆ దిండేదో దొరుకుతుందటగా... మా ఆవిడ ఎవరి దగ్గరో విందిట" అన్నారు. మీరాసాయిబు చేత కుట్టించి పంపాను. మెడనొప్పి ఆకుకు తగ్గిందో, మెత్తటి కొత్త దూదికి తగ్గిందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాకు హుషారు ఎక్కువైంది. వాళ్ళావిడకు ఫోను చేసి, కందిపప్పులో వావిలాకు వేస్తే పురుగే పట్టదని చెప్పి, ఓ సంచీడు ఆకు కూడా పంపాను. ఇరవై రోజులకు డాక్టరుగారు డబ్బా పట్టుకుని సబ్‌సెంటర్‌కే వచ్చారు. మూత తీస్తే పప్పు మీద బూజు, దూది పరిచినట్టు. ఆకు నీడన ఎండబెట్టి వెయ్యాలి. ఆ మాట చెప్పడం మర్చిపోయాను. పచ్చాకు వేసేశారు.

పక్కనే ఉన్న మస్తాన్‌బీ డబ్బాలోకి తొంగి చూసి, "పురుగు పట్టలేదు గదయ్యా!" అంది.

డాక్టరుగారు ఒక్క క్షణం ఆమె వంక కోపంగా చూసి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి. కొత్తగా పోస్టింగుకు వెళ్ళే పిల్లలూ, నేను చెప్పేదేంటంటే, సగం తెలిసి ఉత్సాహపడకండి. నాకు పోయింది డబ్బాడు పప్పే. మందు విషయంలో అయితే నవ్వులతో పోదు.

ఆగకుండా వెళ్ళిన బస్సు

మాఘమాసం చలి. కళ్ళాల నిండా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పొద్దున పదకొండు దాటాక మస్తాన్‌బీ పరుగులాంటి నడకతో వచ్చింది. ఆమె అలా నడవగా నేనెప్పుడూ చూడలేదు.

"నాగమణి కొడుకు డొక్కలెగరేస్తన్నాడు. పడిశమని నన్ను పిలిచారు, పొగ వెయ్యమని. ఇది పొగకి పోయేది కాదమ్మాయ్. నీ పని. రా!"

నేను వెళ్ళేసరికి కోటమ్మ ఇల్లు తలుపులేసి ఉంది. లోపల నిప్పుల కుంపటి, పక్కన వావిలాకు సిద్ధంగా. నాలుగు నెలల పిల్లాడు తల్లి ఒళ్ళో సొమ్మసిల్లినట్టు ఉన్నాడు. చొక్కా ఎత్తి చూశాను. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. యాభై దాటితేనే ప్రమాదం, వాడిది డెబ్బై దాటింది. పొద్దున్నుంచీ పాలు పట్టలేదని నాగమణి ఏడుస్తోంది.

"గుంటూరు తీసుకుపోవాలి. ఇప్పుడే" అన్నాను.

కోటమ్మ అడ్డంగా నిలబడింది. "మా పిల్లలందరికీ పొగ వేసే తగ్గించాం. ఆస్పత్రికి పోయినోళ్ళు..." అని ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. నా మీద కోపం కాదది. భయం.

మస్తాన్‌బీ కుంపటి ఎత్తి పెరట్లో పెట్టి వచ్చింది. తలుపులు బార్లా తీసింది. కోటమ్మ భుజం మీద చెయ్యేసి, "నీ నాగమణిని ఈ చేతులతోనే బయటికి తీశానా లేదా? వావిలితో పోయేదైతే నేనే వేద్దును గదే. మూసిన గదిలో ఇప్పుడు పొగేస్తే బిడ్డకు ఉన్న ఊపిరీ ఆడదు. నర్సమ్మతో పంపించు. నేనూ పోతా" అంది.

కోటమ్మ పక్కకు జరిగింది.

నా దగ్గరున్న మందు మొదటి మోతాదు వేసి వీధిలోకి వచ్చాం. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బండి గుంటూరు యార్డుకు మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తిన మినీ లారీ. దాని దగ్గరికి వెళ్ళగానే నాకే దగ్గొచ్చింది. ఆ ఘాటులో పిల్లాణ్ణి కూర్చోబెట్టడం ఎలా? అంతలో గుంటూరు పోయే ఆర్టీసీ బస్సు వచ్చింది. రోడ్డు మధ్యలో చేతులు చాచి నిలబడ్డాను.

డ్రైవరు తల బయటపెట్టి కేకలేశాడు. "చావాలనుందా?"

"పసిబిడ్డకు ఊపిరాడటంలేదు. ఎక్కడా ఆపకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి."

"ఆపకుండా అంటే ఎట్టమ్మా? దారిపొడుగునా దిగేవాళ్ళున్నారు. వాళ్ళొప్పుకోవాలిగా?" అన్నాడు కండక్టరు.

ముందు సీట్లో పలుగూ పారా పట్టుకున్న ఒక ముసలాయన లేచాడు. ఆయన దిగాల్సింది పక్క ఊరే. "బిడ్డను ఎక్కించండెహె! మేం తిరుగు బస్సులో వస్తాం. గుంటూరు చూసి చాన్నాళ్ళయింది" అన్నాడు. వెనక నుంచి కూలీ ఆడవాళ్ళు "పోనీ అన్నా, పోనీ!" అని అరిచారు.

బస్సు కదిలింది. దారిలో ప్రతి స్టాపులోనూ చెయ్యెత్తినవాళ్ళు తిట్టుకుంటూ వెనకబడిపోయారు. కిటికీల్లోంచి మావాళ్ళు వాళ్ళకు "పసిబిడ్డ! పసిబిడ్డ!" అని అరుస్తూ పోయారు. చలిగాలి రాకుండా నాగమణి కూర్చున్న చోట కిటికీలు మూసి, ఆమె చుట్టూ ఊపిరాడేంత చోటు వదిలి దూరంగా జరిగారు. మస్తాన్‌బీ పిల్లాడి అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. నేను వాడి రొమ్ము మీద నుంచి కళ్ళు తిప్పలేదు. నాతోపాటు కోటమ్మ కూడా ప్రతి ఊపిరీ లెక్కపెడుతోంది. ఆమెకు ఇరవై దాటి లెక్క రాదు. ఇరవై అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

బస్టాండుకు పోవాల్సిన బస్సు తిన్నగా ఆసుపత్రి గేటు ముందు ఆగింది. ఆక్సిజన్ పెట్టారు, సూదులు మొదలయ్యాయి. పిల్లల డాక్టరమ్మ సాయంత్రం బయటికొచ్చి, "ఇంకో పూట ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం. ఎవరు గుర్తుపట్టారు?" అని అడిగింది. నేను మస్తాన్‌బీని ముందుకు తోశాను. ఆమె సిగ్గుపడి నా వెనక్కి పోయింది.

తొమ్మిది రోజుల తర్వాత

మీకు చెప్పాల్సిన ముక్క ఇదే. నేను రాకముందు ఆ ఊళ్ళో వైద్యం లేదనుకున్నాను. ఉంది. దానికి ఎంతవరకు చేతనవునో మస్తాన్‌బీకి నాకంటే బాగా తెలుసు. ఆమెను నేను పోటీ అనుకుని ఉంటే ఆ రోజు ఆమె నా దగ్గరికి పరుగెత్తుకు వచ్చేది కాదు. ఆ పిల్లాడి ఊపిరి మా ఇద్దరి స్నేహం మీద నిలబడింది. మీరు వెళ్ళే ఊళ్ళో మస్తాన్‌బీ లాంటి మనిషి తప్పకుండా ఉంటుంది. వెతుక్కుని వెళ్ళి ఆమె అరుగు మీద కూర్చోండి. ఆమె చెప్పినదల్లా నమ్మమని కాదు. ముందు వినమని.

తొమ్మిది రోజులకు పిల్లాణ్ణి ఇంటికి పంపారు. ఆ తర్వాతి బుధవారం నేనింకా సబ్‌సెంటర్ తాళం తీయలేదు, వీధి మలుపులోంచే కోటమ్మ గొంతు వినపడింది. చంకలో మనవడు. వెనక నాగమణి. వాళ్ళ వెనక, దారిలో ఇంటికొకర్ని తలుపు కొట్టి పిలుచుకొచ్చినట్టుంది, పిల్లల్నెత్తుకున్న తల్లులు వరసగా వస్తున్నారు. వరండా చాలక వాకిట్లో నిలబడ్డారు. మస్తాన్‌బీ వాళ్ళను అదిలించి లైనులో పెడుతోంది. తెచ్చిన మందు సరిపోదని చూడగానే తెలిసిపోయింది. ఇంకా బడికి బయల్దేరని మా ఆయన్ని సైకిలు మీద పీహెచ్‌సీకి పంపాను.

కోటమ్మ మనవణ్ణి నా ఒళ్ళో పెట్టి, చొక్కా పైకెత్తింది. "ఎక్కడ పొడుస్తావో పొడువు."

"ఇక్కడ కాదత్తా, తొడకి" అన్నాను.

సూది దిగగానే వాడు మొహమంతా ఎర్రబడి ఒక్క కేక పెట్టాడు. ఆగకుండా, గుక్క తిప్పుకుంటూ, వాకిట్లో ఉన్న పిల్లలందరికీ ఏడుపు అంటించేంత కేక. నాగమణి కంగారుగా ముందుకొచ్చింది. కోటమ్మ ఆమెను చేత్తో ఆపి, వాడి నోటి దగ్గర చెవి పెట్టి వింటూ, కళ్ళల్లో నీళ్ళతో పగలబడి నవ్వింది.

"ఏడవనీయే! ఊపిరి చూడు, ఎంతుందో ఊపిరి!"